ఆగిన గుండె మళ్ళీ కొట్టుకుంటుందా?

రాత్రి భోజనం చేసి పడుకున్న ఇంటి పెద్దకు అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. గుండెల మీద ఎవరో రాయి పెట్టినట్టు బరువు. ఒళ్ళంతా చెమట. భార్యను లేపాడు. ఆమె కంగారుపడి వాము, ఉప్పు నమలడానికిచ్చింది. "సాయంత్రం తిన్న శనగపిండి పడలేదు, గ్యాస్ పట్టేసింది" అనుకున్నారు. కొడుకు లేచి సోడా తెచ్చాడు. ఒక తేనుపు వచ్చేసరికి కొంచెం తేలికైనట్టు అనిపించింది. "ఈ వేళప్పుడు పట్నం ఎక్కడికి పోతాం, తెల్లవారనీ" అన్నాడాయన. తెల్లవారుజామున నాలుగు గంటలకు మంచినీళ్ళు అడిగి, చెంబు అందుకోబోతూ ఒరిగిపోయాడు.

చదువరులారా, ఈ ఇల్లు ఫలానా ఊరిలో ఉందని చెప్పనక్కరలేదు. పేర్లు మార్చుకుంటే ఇది మన గ్రామాల్లో చాలా ఇళ్ళలో జరిగిన సంగతే. తరువాత పరామర్శకు వచ్చినవారు "గుండె ఆగిపోయిందట" అంటారు. "అప్పటిదాకా బాగానే మాట్లాడాడు, ఇట్టే పోయాడు" అంటారు.

నిజంగా ఆ క్షణంలో గుండె ఆగిపోయిందా? ఆగిన గుండె మళ్ళీ కొట్టుకోవడం సాధ్యమా? ఈ ప్రశ్నలకు వైద్యులు గత నూరేళ్ళకు పైగా జవాబు వెదికారు. ఆ జవాబును ప్రతి కుటుంబమూ తెలిసికొనవలసిన అవసరం ఉంది. ఎందుకంటే అందులో సగం పని ఆసుపత్రిది కాదు, ఇంట్లోవారిది.

గుండెకు ఒక లయ ఉంది

మన గుండె ఇంచుమించు మన పిడికిలంత ఉంటుంది. నిముషానికి 60 నుండి 100 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు లెక్క వేస్తే సుమారు లక్ష సార్లు. ఇన్నిసార్లు కొట్టుకోమని దానికి ఎవరు చెబుతున్నారు? గుండె పై భాగంలో కుడివైపున ఒక చిన్న కణాల ముద్ద ఉంది. దానిని 1907లో ఇంగ్లండులో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు కనుగొన్నారు. అక్కడ పుట్టే సన్నని విద్యుత్ సంకేతం పై గదుల గుండా దిగి, సన్నని దారుల వెంట కింది గదులకు చేరుతుంది. కింది గదులు రెండూ ఒక్కసారిగా బిగుసుకొని రక్తాన్ని ఊపిరితిత్తులకూ, ఒళ్ళంతటికీ నెడతాయి.

నాట్లు వేసే కూలీలను చూడండి. ఒకరు పాట ఎత్తుకుంటే అందరి చేతులూ ఒకేసారి కదులుతాయి. పని సాగుతుంది. ఎవరి పాట వారు పాడుతూ, ఎవరికి తోచినట్టు వారు వంగుతూ లేస్తూ ఉంటే చేతులు కదులుతూనే ఉంటాయి గాని మడి నిండదు. గుండె కింది గదుల కండరంలో సరిగ్గా ఇదే జరగవచ్చు. ఒక్కొక్క పోగు ఒక్కొక్క వైపు లాగుతుంది. గుండె కొట్టుకోదు, వణుకుతుంది. రక్తం ముందుకు కదలదు. నాడి అందదు. పది, పదిహేను సెకన్లలో మనిషి స్పృహ తప్పుతాడు. దీనిని వైద్యులు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. మనం గుండె వణుకు అని చెప్పుకుందాం.

హఠాత్తుగా వచ్చే మరణాలకు చాలాసార్లు కారణం ఈ వణుకేనని 1889లోనే స్కాట్లండు దేశపు ఆబర్డీన్ నగరంలో జాన్ మెక్‌విలియం అనే శాస్త్రజ్ఞుడు వ్రాశాడు. అప్పట్లో ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ.

గుండెపోటు వేరు, గుండె వణుకు వేరు

ఈ రెండింటికీ తేడా తెలిసికొనడం ముఖ్యం. గుండె కండరానికి రక్తం తెచ్చే సన్నని నాళాలు ఉన్నాయి. వాటి లోపలి గోడలకు ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ పూత చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. మన పంట కాలువకు అడ్డుపడితే కింది మడి ఎండినట్టు, ఆ నాళం మీద ఆధారపడిన కండరం చనిపోవడం మొదలవుతుంది. ఇది గుండెపోటు. కండరమంతా ఒక్క క్షణంలో చావదు. కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లో దారి తెరిస్తే చాలా భాగం దక్కుతుంది.

అయితే రక్తం అందని కండరం విద్యుత్ సంకేతాలను సరిగా మోయలేదు. చచ్చినదానికీ, బ్రతికినదానికీ మధ్య ఉన్న భాగం నుండి తప్పుడు సంకేతాలు పుట్టుకొస్తాయి. అప్పుడే గుండె వణుకు పట్టే ప్రమాదం. అది ఎక్కువగా మొదటి గంటలోనే, ఆ తరువాత మొదటి రోజులోను ఉంటుంది. అంటే మన కథలోని ఆ ఇంటి పెద్ద గుండె కండరం పూర్తిగా పాడైపోయి చనిపోలేదు. కండరంలో ఎక్కువ భాగం ఇంకా బాగానే ఉండి ఉండవచ్చు. లయ తప్పడం వలన చనిపోయాడు. చనిపోవలసినంతగా చెడిపోని గుండె అది. ఈ సంగతి గ్రహించిన తరువాతే వైద్యులకు ఆశ పుట్టింది.

క్లీవ్‌లాండులో ఒక బాలుడు

1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో క్లాడ్ బెక్ అనే శస్త్రవైద్యుడు 14 ఏళ్ళ బాలునికి ఛాతీ ఎముకల వంకర సరిచేసే ఆపరేషన్ చేశాడు. కుట్లు వేస్తుండగా బాలుని నాడి ఆగిపోయింది. బెక్ మళ్ళీ ఛాతీ తెరిచి, గుండెను చేతితో పట్టుకొని పిసుకుతూ అరగంటకు పైగా మెదడుకు రక్తం నడిపించాడు. ఈలోగా తన ప్రయోగశాలలో ఉన్న విద్యుత్ యంత్రాన్ని తెప్పించాడు. గుండె మీదనే నేరుగా కరెంటు పెట్టాడు. మొదటిసారి ఫలితం లేదు. మందు ఇచ్చి మరల పెట్టాడు. వణుకు ఆగింది, గుండె మెల్లగా తన లయలో కొట్టుకోసాగింది. ఆ బాలుడు కోలుకొని ఇంటికి వెళ్ళాడు. విద్యుత్ ఘాతంతో గుండె వణుకును ఆపి మనిషిని బ్రతికించడం అదే మొదటిసారి.

కరెంటు ఎలా బ్రతికిస్తుంది? ఎవరి పాట వారు పాడుతున్న గుంపులో మేస్త్రి ఒక్కసారిగా గద్దించినట్టు అనుకోండి. అందరూ ఒక్క క్షణం ఆగుతారు. ఆ నిశ్శబ్దంలో అసలు పాట ఎత్తుకునేవారి గొంతు మళ్ళీ వినబడుతుంది. ఆ ఘాతం గుండెలోని తప్పుడు సంకేతాలన్నిటినీ ఒకేసారి అణచివేస్తుంది. పై గదిలోని అసలు కేంద్రం మళ్ళీ పగ్గాలు పట్టుకుంటుంది.

1955లో అదే బెక్ బృందం గుండెపోటుతో ఆసుపత్రి నుండి బయటకు వెళుతూ కుప్పకూలిన 65 ఏళ్ళ వైద్యుని ఇదే విధంగా బ్రతికించింది. మరుసటి సంవత్సరం, 1956లో, బోస్టన్ నగరంలో పాల్ జోల్ ఛాతీ తెరవకుండానే పైనుండి కరెంటు పెట్టి వణుకును ఆపవచ్చని చూపించాడు. ఆ పనిచేసే యంత్రం పేరే డీఫిబ్రిలేటర్.

రెండు చేతులు చాలు

యంత్రం వచ్చేలోగా ఏం చేయాలి? ఈ జవాబు కూడా అనుకోని దారిలో దొరికింది. బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కౌవెన్‌హోవెన్ అనే విద్యుత్ ఇంజనీరు ఉండేవాడు. కరెంటు స్తంభాల మీద పనిచేసే లైన్‌మన్లు షాకు కొట్టి చనిపోతుంటే, ఆ మరణాలను ఎలా ఆపాలా అని ఆయన ఏళ్ళ తరబడి పరిశోధించాడు. పొలం మోటారు దగ్గర షాకు కొట్టినప్పుడు మనిషి చనిపోవడానికి ఒక ముఖ్య కారణం కూడా ఈ గుండె వణుకే.

1958లో ఆయన దగ్గర చదువుకుంటున్న గై నికర్‌బాకర్ అనే యువకుడు కుక్కల మీద ప్రయోగం చేస్తూ ఒక వింత గమనించాడు. కరెంటు పెట్టడానికి బరువైన రేకులను ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడల్లా, ఇంకా కరెంటు పెట్టకముందే, రక్తపోటు కొంచెం పెరుగుతోంది. అంటే పైనుండి నొక్కితే లోపల రక్తం కదులుతోందన్నమాట! జేమ్స్ జూడ్ అనే శస్త్రవైద్యుడు వారితో కలిశాడు. 1960 జూలైలో ముగ్గురూ కలిసి తమ అనుభవాన్ని ప్రచురించారు. ఆసుపత్రిలో గుండె ఆగిన 20 మందికి ఈ విధంగా ఛాతీ నొక్కితే 14 మంది బ్రతికారు. అప్పటికి కౌవెన్‌హోవెన్ వయస్సు 74 ఏళ్ళు. ఈ పద్ధతి ఎవరైనా, ఎక్కడైనా చేయవచ్చుననీ, దీనికి కావలసినవి రెండు చేతులేననీ వారు వ్రాశారు. ఈనాడు మనం సి.పి.ఆర్. అంటున్నది ఇదే.

బెల్‌ఫాస్ట్ అంబులెన్సు

ఇంతవరకు బాగుంది. అయితే ఈ ఏర్పాట్లన్నీ ఆసుపత్రి గోడల మధ్యనే. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో రాయల్ విక్టోరియా ఆసుపత్రి వైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్‌కు ఇది నచ్చలేదు. ఆయన సామాన్యుడు కాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942లో సింగపూర్ పడిపోయినప్పుడు జపాను సైన్యానికి ఖైదీగా చిక్కి, బర్మా రైలుమార్గం పనిలో ఆకలికీ, బెరిబెరి వ్యాధికీ గురై ప్రాణాలతో బయటపడ్డవాడు.

ఆయన లెక్క సూటిగా ఉంది. గుండెపోటుతో చనిపోయే నడివయస్కులలో సగం కంటే ఎక్కువమంది మొదటి గంటలోనే చనిపోతున్నారు. వారు ఆసుపత్రికి చేరనే చేరడం లేదు. మరి ఆసుపత్రిలో యంత్రం పెట్టుకొని ఎవరి కోసం ఎదురుచూస్తున్నాము? రోగి యంత్రం దగ్గరకు రాలేకపోతే యంత్రమే రోగి దగ్గరకు పోవాలి.

తోటి వైద్యులు చాలామంది నమ్మలేదు. ఆయన వినలేదు. కారు బ్యాటరీలతో నడిచేలా డీఫిబ్రిలేటర్‌ను మార్పించాడు. దాని బరువు 70 కిలోలు. 1966 జనవరిలో వైద్యునితో, నర్సుతో ఆ అంబులెన్సు బెల్‌ఫాస్ట్ వీధుల్లోకి వచ్చింది. 1967లో ఆయన, జాన్ గెడెస్ కలిసి 15 నెలల అనుభవాన్ని ప్రచురించారు. 312 మంది రోగులను చూశారు. ఆసుపత్రి బయట గుండె ఆగిన 10 మందిని తిరిగి బ్రతికించారు, వారిలో 5 గురు కోలుకొని ఇల్లు చేరారు. అయిదుగురేనా అనిపించవచ్చు. అంతకుముందు ఆ పదిమందికీ దారిలేదు. 1968 నాటికి యంత్రం బరువు సుమారు 3 కిలోలకు తగ్గింది. ఆ ఆలోచన దేశదేశాలకు పాకింది. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సుకూ మూలం ఆ తలంపే. వైద్యం రోగి గుమ్మం దాకా రావాలి.

నిముషం విలువ

గుండె వణుకు పట్టి మనిషి పడిపోయిన తరువాత, ఎవరూ ఛాతీ నొక్కకపోతే, గడిచే ప్రతి నిముషానికీ బ్రతికే అవకాశం నూటికి 7 నుండి 10 వంతుల చొప్పున తరిగిపోతుంది. నాలుగైదు నిముషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మన పల్లెకు అంబులెన్సు ఎంత త్వరగా వచ్చినా నాలుగు నిముషాల్లో రాదు. ఆ ఖాళీని పూరించవలసినవారు పక్కనున్నవారే.

నిజం దాచకూడదు. ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో బ్రతికి ఇల్లు చేరేవారు అమెరికా వంటి దేశంలో కూడా నూటికి పదిమందికి అటూ ఇటూగానే ఉన్నారు. గనుక ఆప్తులను ఈ విధంగా పోగొట్టుకున్నవారు "మేము ఏదో చేయలేదు, అందుకే పోయాడు" అని జీవితమంతా కుమిలిపోనక్కరలేదు. అయితే అదే వణుకు ఆసుపత్రిలో, గుండె లయను చూపే యంత్రం ముందు, నర్సు పక్కన ఉండగా పడితే కొన్ని సెకన్లలోనే దానిని ఆపగలరు. వారిలో ఎక్కువమంది బ్రతుకుతారు. ఒకే జబ్బు, ఒకే గుండె. ఇంటి మంచం మీద పడితే ఒక ఫలితం, ఆసుపత్రి మంచం మీద పడితే మరొక ఫలితం. కాబట్టి అన్నిటికంటె గొప్ప మందు త్వరగా బయలుదేరడమే.

బయలుదేరవలసిన గుర్తులు

ఛాతీ మధ్యలో బరువు, బిగింపు లేక మంట పదిహేను నిముషాలకు మించి ఉండడం. అది ఎడమ చేతికో, రెండు చేతులకో, దవడకో, మెడకో, వీపుకో పాకడం. చల్లని చెమటలు. ఊపిరాడకపోవడం. వాంతి, కళ్ళు తిరగడం. ఇందులో కొన్ని ఉన్నా చాలు.

కడుపు పైభాగంలో నొప్పిగా కూడా రావచ్చు. అందువల్లనే గ్యాస్ అని మోసపోతాము. తేనుపు వచ్చి తేలికపడినంత మాత్రాన గుండెపోటు కాదనుకోరాదు. షుగరు జబ్బు ఉన్నవారికీ, వృద్ధులకూ, కొందరు స్త్రీలకూ నొప్పే ఉండకపోవచ్చు. ఆయాసం, చెమట, చెప్పలేని నీరసం మాత్రమే ఉండవచ్చు. మన ఇళ్ళలో తల్లులు తమ బాధను అందరికంటె చివర చెప్పుకుంటారు. ఆమె "ఏమీ లేదులే" అన్నా వినకండి.

ఇంట్లోవారు చేయవలసినవి

వెంటనే 108కి ఫోను చేయండి. అది రావడానికి చాలాసేపు పడుతుందని తెలిస్తే దొరికిన వాహనంలో బయలుదేరండి. రోగిని మోటారు సైకిలు మీద నడుపుకొని పోనివ్వవద్దు, నడిపించవద్దు, మెట్లు ఎక్కించవద్దు. కూర్చోబెట్టి లేక తల ఎత్తుగా పడుకోబెట్టి తీసికొనిపొండి. ఏ ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి, రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వగలరో ముందే తెలిసికొని ఉంచుకోండి. ఇది ఆపద వచ్చిన రాత్రి విచారించే సంగతి కాదు.

ఆస్ప్రిన్ మాత్ర 300 మిల్లీగ్రాములకు తగ్గకుండా నమిలి మ్రింగితే మేలు చేస్తుంది. అయితే ఆ మాత్ర పడనివారికీ, కడుపులో పుండుండి రక్తం పోతున్నవారికీ, పక్షవాతం లక్షణాలున్నవారికీ ఇవ్వరాదు. ఫోనులో వైద్య సిబ్బందిని అడిగి ఇవ్వడం మంచిది. నాలుక కింద పెట్టే మాత్రను పక్కింటివారి దగ్గర అడిగి తెచ్చి పెట్టకండి. రక్తపోటు పడిపోయి ఉన్న రోగికి అది ప్రమాదం. ఊరి ఆర్.ఎం.పి. గారు నొప్పికి సూది వేసినా, తగ్గిందని ఇంట్లో ఉండిపోకండి. నొప్పి తగ్గడం వేరు, నాళం తెరుచుకోవడం వేరు.

మనిషి కుప్పకూలితే

భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే, ఊపిరి లేకపోతే, లేక అప్పుడొకటి అప్పుడొకటిగా ఎగఊపిరి తీస్తుంటే గుండె పనిచేయడం లేదనే అనుకోండి. ఆ ఎగఊపిరిని చూసి "ఇంకా ఊపిరి ఉంది" అని చాలామంది మోసపోతారు. కరెంటు షాకు అయితే ముందు మెయిను ఆపండి, ఆపకుండా ముట్టుకోకండి.

మంచం మీద కాదు, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పక్కన మోకరించి, ఒక అరచేతి మడమను ఛాతీ నడుమ రొమ్ము ఎముక కింది సగం మీద ఆనించి, రెండవ చేతిని దాని మీద వేయండి. మోచేతులు వంచకుండా మీ ఒంటి బరువుతో నొక్కండి. పెద్దవారికి ఛాతీ రెండు అంగుళాల లోతు దిగాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. నిముషానికి 100 నుండి 120 సార్లు. అంటే సెకనుకు రెండుసార్లకు కొంచెం తక్కువ. నోటితో ఊపిరి ఊదడం నేర్చుకోనివారు ఛాతీ నొక్కడం ఒక్కటి చేసినా చాలు. అలసిపోతే రెండు నిముషాలకొకసారి మరొకరు అందుకోండి. సహాయం వచ్చేవరకు, లేక మనిషి కదిలేవరకు ఆపకండి.

"ఎముక విరిగితే?" అని భయపడతారు. విరగవచ్చు. విరిగిన ఎముక అతుకుతుంది. అరికాళ్ళు రుద్దుతూ, నోట్లో నీళ్ళు పోస్తూ, చుట్టూ చేరి ఏడుస్తూ గడిపిన నిముషాలు మాత్రం తిరిగిరావు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోతాయి.

ఈ విద్య చదివితే పూర్తిగా రాదు, చేసి నేర్చుకోవాలి. ఒక పూట చాలు. సంఘంలోని యువజనులు, స్త్రీల సమాజం వారు దగ్గరలోని ఆసుపత్రి నుండి ఒక నర్సును గాని, 108 సిబ్బందిని గాని పిలిపించి, బొమ్మ మీద నేర్చుకొనడం కష్టం కాదు. ఊరికి పదిమంది నేర్చుకున్నా ఆ ఊరిలో ఒక కాపుదల ఉన్నట్టే.

ఆసుపత్రిలో ఏమి చేస్తారు?

మొదట ఇ.సి.జి. తీస్తారు. మొదటిది మామూలుగా ఉన్నా, కొంతసేపటికి మరల తీయవలసి రావచ్చు. ఛాతీకి తీగలు అంటించి గుండె లయను తెర మీద చూస్తూ ఉంటారు. ఆ తీగలను చూసి భయపడకండి. వణుకు పట్టిన క్షణంలో చెప్పే కావలివాళ్ళు అవే. కొందరికి లయ మరీ నెమ్మదిస్తే కొద్దిరోజులు తాత్కాలిక పేస్‌మేకర్ పెడతారు.

తరువాత మూసుకున్న నాళాన్ని తెరవాలి. పెద్ద ఆసుపత్రిలో సన్నని గొట్టం పంపి బుడగతో తెరిచి, స్టెంటు వేస్తారు. దూరమైతే ముందు గడ్డను కరిగించే మందు ఇస్తారు. 16 దేశాల్లో 17,187 మంది రోగుల మీద జరిగిన పెద్ద పరిశీలన ఫలితాలు 1988లో వచ్చాయి. గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్, ఆస్ప్రిన్ రెండూ ఇవ్వనివారిలో నూటికి 13 మంది అయిదు వారాలలోగా గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోగా, రెండూ ఇచ్చినవారిలో 8 మంది చనిపోయారు. ఆస్ప్రిన్ కొద్ది పైసల మాత్ర. ఈ మందులు ఎంత త్వరగా పడితే అంత మేలు. పన్నెండు గంటలు దాటితే గడ్డ కరిగించే మందు వలన లాభం చాలా తక్కువ.

ఇంటికి వచ్చిన తరువాత

ప్రాణంతో ఇల్లు చేరడం సంతోషమే గాని, పని అక్కడితో పూర్తి కాలేదు. చనిపోయిన కండరం స్థానంలో మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చ అంచుల్లో సంకేతం దారితప్పి గుండ్రంగా తిరగవచ్చు. అప్పుడు గుండె ఉన్నట్టుండి అతివేగంగా కొట్టుకొని, ఆ వేగం వణుకుగా మారవచ్చు. నెలల తరువాత కూడా ఇది జరగవచ్చు.

ఇక్కడ వైద్యశాస్త్రమే నేర్చుకున్న ఒక గుణపాఠం చెప్పాలి. గుండెపోటు వచ్చినవారికి మధ్యమధ్య అదనపు దెబ్బలు పడుతుంటాయి. "గుండె ఒక దెబ్బ తప్పింది" అని వారే చెబుతారు. అలాంటి దెబ్బలు ఎక్కువగా ఉన్నవారే ఎక్కువగా చనిపోతున్నారని గమనించిన వైద్యులు, దెబ్బలను అణచే మందులు ఇస్తే ప్రాణం కాపాడవచ్చని తలంచారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ దెబ్బలను చక్కగా అణచాయి. ఇ.సి.జి. అందంగా కనిపించింది. కాని అమెరికాలో జరిపిన పరిశీలన ఫలితాలను 1991లో పూర్తిగా ప్రచురించినప్పుడు అందరూ నివ్వెరపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది చనిపోగా, ఆ మందులు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. దెబ్బలు తగ్గాయి, చావులు పెరిగాయి. అందుకే గుండె దడ అనగానే ఎవరో వాడిన మందును మనమూ వాడరాదు. పైకి మంచిగా కనిపించినదంతా మేలు చేయదు.

మరి ఏది మేలు చేస్తుంది? బీటా బ్లాకర్లు అనే పాత మందులు. 1981లో వెలువడిన పరిశీలనలో 3,837 మంది గుండెపోటు రోగులను చూస్తే, ప్రొప్రనొలాల్ వాడినవారిలో నూటికి 7 మంది, వాడనివారిలో దాదాపు 10 మంది చనిపోయారు. ఇటువంటి మందును "ఒంట్లో బాగానే ఉంది గదా" అని ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. పంట డబ్బు రాలేదని నెలరోజులు మాత్రలు ఆపేవారున్నారు. డబ్బు ఇబ్బంది ఉంటే డాక్టరుగారికి సిగ్గుపడకుండా చెప్పండి. తక్కువ ధర మందు వ్రాయమని అడగండి. కాని మీ అంతట మీరు మానకండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, లేక నీరు పోయే మాత్రలు వాడుతున్నప్పుడు ఒంట్లో పొటాషియం అనే లవణం తగ్గవచ్చు. అది తగ్గితే లయ తప్పే ప్రమాదం హెచ్చుతుంది. అటువంటప్పుడు అశ్రద్ధ చేయక చూపించుకోండి. చుట్ట, బీడీ, సిగరెట్టు మానినవారిలో మానని వారికంటె మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయి. ఏ ఖరీదైన మాత్రా ఇంతకంటె ఎక్కువ చేయదు.

ఛాతీలో కావలివాడు

గుండెపోటు తరువాత కనీసం 40 రోజులు గడిచాక, గుండె పంపు చేసే శక్తిని ఎకో పరీక్షతో కొలుస్తారు. అది మామూలుగా నూటికి 55 లేక అంతకు పైన ఉంటుంది. మందులు సరిగా వాడినా 35 లేక అంతకంటె తక్కువగా మిగిలిపోతే హఠాన్మరణం ప్రమాదం ఎక్కువ. అటువంటివారికి చర్మం కింద ఒక చిన్న పరికరం అమర్చుతారు. అది రాత్రింబవళ్ళు లయను కనిపెట్టి, వణుకు పట్టగానే లోపలినుండే ఘాతమిస్తుంది.

దీని వెనుక ఒక స్నేహితుని మరణం ఉంది. మిషెల్ మిరోవ్‌స్కీ అనే వైద్యుడు పోలండులో పుట్టిన యూదుడు. ఇజ్రాయెల్‌లో ఆయన పైఅధికారి, ఆప్తమిత్రుడు 1966లో ఇటువంటి లయ జబ్బుతోనే మరణించాడు. ఎప్పుడూ ఆసుపత్రిలోనే ఉంచితే తప్ప ఆయనను కాపాడే మార్గం లేకపోయింది. అప్పుడు మిరోవ్‌స్కీకి తట్టింది. ఆసుపత్రిలోని ఆ యంత్రాన్ని మనిషి లోపలనే పెడితే? పెద్ద వైద్యులే అది జరగని పని అన్నారు. 1980 ఫిబ్రవరి 4న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో మొదటి రోగికి దానిని అమర్చారు. 2002లో వెలువడిన పరిశీలనలో, గుండె బాగా బలహీనపడిన 1,232 మందిలో పరికరం లేనివారు నూటికి దాదాపు 20 మంది, ఉన్నవారు 14 మంది మరణించారు. ఇది ఖరీదైనది, అందరికీ అవసరమైనదీ కాదు. అయితే "నా గుండె పంపు శక్తి ఎంత ఉంది?" అని ప్రతి రోగీ అడిగి, ఆ అంకెను చీటీ మీద వ్రాయించుకోవాలి. కారణం లేకుండా స్పృహ తప్పితే ఆ రోజే డాక్టరును కలవాలి. అది ముందస్తు హెచ్చరిక కావచ్చు.

భయంతో కాదు, జాగ్రత్తతో

గుండెపోటు వచ్చి బయటపడిన మనిషిని ఇంట్లోవారు కొన్నిసార్లు గాజుబొమ్మలా చూస్తారు. పొలం పోవద్దు, మెట్లు ఎక్కవద్దు, నవ్వవద్దు, కోప్పడవద్దు అంటారు. ఆయన కూడా రాత్రి నిద్రపోతే మళ్ళీ లేస్తానో లేదో అని భయపడతాడు. డాక్టరు సలహాతో మెల్లగా నడక మొదలుపెట్టి, వారం వారం పెంచుకుంటూ పోతే చాలామంది తమ పనుల్లోకి తిరిగి వెళ్ళగలరు. ఆయన భయాన్ని కొట్టిపారేయకండి, కూర్చొని వినండి. భార్య కూడా భయపడుతున్నదని మరువకండి.

ఇప్పుడు మొదట చెప్పుకున్న ఇంటికి ఒకసారి తిరిగిపోదాం. అదే అర్ధరాత్రి, అదే బరువు, అదే చెమట. ఆమె వాము డబ్బా తీయబోయి ఆగింది. "గ్యాస్ అయితే రేపు నవ్వుకుందాం, ఇప్పుడైతే పదండి" అంది. కొడుకు ఫోను చేశాడు. ఆసుపత్రి మంచం మీద, తెర మీద గీత నడుస్తుండగా, తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆయన గుండె వణికింది. నర్సు చూసింది. ఘాతమిచ్చారు. కొద్దిసేపటికి ఆయన కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడు.

ఒకే మనిషి, ఒకే జబ్బు. తేడా అంతా ఆ ఇంట్లో ఆ రాత్రి తీసుకున్న నిర్ణయంలోనే ఉంది. ఈ సంగతులను ఈ పూట భోజనాల దగ్గర మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. 108 అంకెనూ, దగ్గరలోని ఆసుపత్రి ఫోను నంబరునూ గోడ మీద పిల్లలకు కూడా కనిపించేలా వ్రాసి పెట్టండి. ఆ అవసరం మీకు ఎన్నటికీ రాకపోతే మంచిదే. వస్తే, వెదుక్కోవలసిన పని ఉండదు.